నిపుణుడు రావాలని చట్టం చెప్పింది, మా చేతులకు పని నేర్పండి

ఒడిశా రాష్ట్ర హోం శాఖ, ఉన్నత విద్యాశాఖ అధికారులకు, మా దక్షిణ జిల్లాల్లో బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ నడుపుతున్న కళాశాలల యాజమాన్యాలకు,

నమస్కారం.

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్ళే దారిలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ మాట్లాడుతూ పెరిగాను. కొండ దిగి వచ్చే సవరవాళ్ళతో బేరమాడేటన్ని మాటలు వాళ్ళ భాషలోనూ వచ్చు. నేరాల ఆధారాల్ని సైన్సుతో పరీక్షించే చదువు, బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్, మూడేళ్ళు చదివి, ఆ తర్వాత అదే సబ్జెక్టులో ఎమ్మెస్సీ చేశాను. ఈ ఉత్తరాన్ని ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ మీ కార్యాలయాలకు విడిగా పంపుతున్నాను. తెలుగులో అందరి ముందూ ఎందుకు పెడుతున్నానంటే, "మా పిల్లని ఈ చదువులో చేర్చమంటావా అమ్మా?" అని నన్ను అడిగే తల్లిదండ్రుల్లో చాలామంది తెలుగే చదవగలరు. వాళ్ళ పిల్లల గురించి మిమ్మల్ని నేను ఏం అడుగుతున్నానో వాళ్ళకీ తెలియాలి.

నేను ఈ చదువులోకి ఎలా వచ్చానో ముందు చెబుతాను. అది చెప్పకపోతే తర్వాత అడిగేవి మీకు ఉద్యోగం కోసం పడే ఆరాటంలా కనిపిస్తాయి.

నేను పదో తరగతి చదువుతున్న ఏడాది, వానలు వెనకబడుతున్న రోజుల్లో, మా చిన్నాన్న పత్తి చేలో మందు కొట్టి పొద్దుగూకే వేళకి ఇంటికి వచ్చాడు. ఎదురుగాలి వీస్తున్నా, ఉక్కపోతకి చొక్కా విప్పేసి, వీపున డబ్బా కట్టుకుని మధ్యాహ్నం నుంచీ కొడుతూనే ఉన్నాడట. వచ్చీ రాగానే స్టీలు గ్లాసుతో మజ్జిగ తాగాడు. కాసేపటికే వాంతులు, ఒళ్ళంతా చెమటలు, నోట్లోంచి నురగ. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మజ్జిగలో ఎవరో ఏదో కలిపారని ఆ రాత్రే ఊళ్ళో మాట పుట్టింది. పక్క చేను వాళ్ళతో గట్టు తగాదా అప్పటికి రెండేళ్ళుగా నడుస్తోంది మరి.

తెల్లారి పోలీసులు వచ్చేసరికి ఇల్లు పండగ ముందు రోజులా శుభ్రంగా ఉంది. వాంతి పడిన చోటంతా మా మామ్మ పేడతో అలికేసింది. చిన్నాన్న పంచె ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. ఆయన తాగిన గ్లాసుని బూడిదతో తోమి, మిగతా వాటితో పాటు బోర్లించింది. ఏదో దాచాలని ఎవరూ చేయలేదు. చావు జరిగిన ఇంట్లో పెద్దవాళ్ళు చేసే పనే ఆవిడా చేసింది. ఏ గ్లాసులో తాగాడని కానిస్టేబుల్ అడిగితే, గూట్లో వరసగా ఉన్న ఆరు గ్లాసుల్లో అదేదో మామ్మకే తెలియలేదు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి మళ్ళీ పెట్టేసింది.

మందు సీసా దొరికింది. దాన్ని చిన్నాన్న సరిహద్దు దాటి పాతపట్నంలో కొన్నాడు. రసీదు తెలుగులో ఉంది. రాసుకుంటున్న ఎస్సై గారికి తెలుగు రాదు. దాని మీద ఏముందో నేనే చదివి ఒడియాలో చెప్పాను. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆ తర్వాత మా పిన్ని చెప్పింది తెలుగులో చెబితే, వాళ్ళు ఒడియాలో రాసుకుంటే, చివర ఆమె వేలిముద్ర వేసింది. ఆ కాగితంలో తను చెప్పిందే ఉందో లేదో ఇప్పటికీ ఆమెకు తెలియదు.

పోస్టుమార్టం జరిగింది. విస్రా సీసాలు, అంటే పరీక్ష కోసం తీసిన లోపలి అవయవాల ముక్కలున్న సీసాలు, ల్యాబ్‌కి వెళ్ళాయి. రిపోర్టు రావడానికి ఏడాది దాటింది. విషం ఆనవాలు దొరకలేదని, నిల్వ ఉంచిన ద్రావణం ఈ పరీక్షకు తగినది కాదని అందులో రాశారు. ఆ రెండో మాట మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మొదటి మాటని ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు. డబ్బులిచ్చి రాయించుకున్నారని మావాళ్ళు అన్నారు. మేం నిర్దోషులమని తేలిపోయిందని పక్క చేను వాళ్ళు అన్నారు. ఈ రోజుకీ ఆ రెండు ఇళ్ళ మధ్య పెళ్ళి పిలుపు లేదు, చావు పలకరింపు లేదు.

ఆ రెండో మాట నాకు అర్థమైంది బీఎస్సీ రెండో ఏడాది టాక్సికాలజీ, అంటే విషాల పాఠం, క్లాసులో. విషం అనుమానం ఉన్నప్పుడు కడుపు, పేగు, కాలేయం, మూత్రపిండం ముక్కల్ని సంతృప్త ఉప్పు ద్రావణంలో ఉంచాలని మేడం బోర్డు మీద రాశారు. ఇక కరగక అడుగున మిగిలేదాకా నీళ్ళలో ఉప్పు వేస్తూ పోవాలి. అంతే. ఫార్మాలిన్ వాడేది కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకి. విషం వెతకాల్సిన ముక్కల్ని అందులో వేస్తే అవి గట్టిపడిపోయి, లోపలి విషాన్ని బయటికి తీయడం చాలా కష్టమవుతుంది. నేను నోట్సు రాయడం ఆపేశాను. గంట కొట్టి అందరూ వెళ్ళిపోయినా ఆ బెంచీ మీదే కూర్చున్నాను. చాలా పురుగుమందులు ఒంటికి తగిలినా చర్మం గుండా లోపలికి పోతాయని కూడా ఆ నెలలోనే చదివాను. చిన్నాన్న చొక్కా లేకుండా ఎదురుగాలిలో అంతసేపు మందు కొట్టాడు. మజ్జిగలో ఎవరూ ఏమీ కలపలేదేమో అని నాకు గట్టిగా అనిపిస్తుంది. కానీ అది నా అనుమానం మాత్రమే. దాన్ని అవునని గానీ కాదని గానీ తేల్చగలిగేవి మా మామ్మ తోమేసిన గ్లాసులో, ఉప్పునీళ్ళు పోయని సీసాలో పోయాయి. సీసాలో ఏం పోసినా పోసింది ఒక మనిషే. ఆ మనిషికి ఎవరూ సరిగ్గా నేర్పలేదు. ఆసుపత్రిని తిట్టడానికి ఇది రాయడం లేదు, అందుకే పేరు కూడా రాయను.

ఇప్పుడు చట్టం సంగతి.

నేరాల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. 176వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ ప్రకారం, ఏడేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడగల ప్రతి నేరంలోనూ ఫోరెన్సిక్ నిపుణుడు ఘటన జరిగిన చోటికి వెళ్ళి ఆధారాలు సేకరించాలి. ఆ సేకరణనంతా ఫోన్‌లోనో మరో పరికరంలోనో వీడియో తీయాలి. ఎప్పటి నుంచి అన్నది ఐదేళ్ళలోపు ప్రతి రాష్ట్రమూ ప్రకటించాలి. ఏడేళ్ళ శిక్షంటే హత్య, అత్యాచారం, వరకట్న మరణం, దోపిడీ, మా కొండల మీద పట్టుబడే గంజాయి కేసుల్లో పెద్దవి అన్నీ వస్తాయి. కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ, గజపతి జిల్లాల్లో రోడ్డు మధ్యలో ఆగిపోయే ఊళ్ళు ఎన్నో మీకు తెలుసు. అక్కడికి వానలో, చీకట్లో, గంటల్లో చేరాల్సిన ఈ నిపుణుడు ఎక్కణ్ణుంచి రావాలి?

భువనేశ్వర్ రసూల్‌గఢ్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. మా జిల్లాకు దగ్గరది బరంపురంలోని ప్రాంతీయ ల్యాబ్. పర్లాకిమిడి నుంచి బరంపురం చేరేసరికి బస్సులో సగం పగలు పోతుంది. అక్కడున్నవాళ్ళు పనిమంతులు కాదని నేను అనడం లేదు. వాళ్ళు ఎంతమంది ఉన్నా ల్యాబ్‌లోనూ ఉండి, మా ఊళ్ళోనూ ఉండలేరు కదా. ఆ మనుషుల్ని కొత్తగా తయారు చేయాలి. తయారవడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు మీ కళాశాలల్లోనే కూర్చుని ఉన్నారు.

వాళ్ళు అక్కడ ఏం నేర్చుకుంటున్నారో చెబుతాను. సిలబస్‌కి వంక పెట్టలేను. వేలిముద్రలు, విషాలు, రక్తం, డీఎన్‌ఏ, తుపాకులు, అనుమానాస్పద పత్రాలు, సైబర్ నేరాలు, వాటితో పాటు చట్టాలు, అన్నీ ఉన్నాయి. నేను చదివిన కాలేజీలో లేనిది చేతికి పని. తూటాల మీద గీతల్ని పక్కపక్కన పెట్టి పోల్చే కంపారిజన్ మైక్రోస్కోపు ఒకటి ఉండేది. తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడే దాని మీద ముసుగు తీసేవారు. పురుగుమందుని గుర్తించే థిన్ లేయర్ క్రొమటోగ్రఫీని మూడేళ్ళలో ఒక్కసారి, మేడం చేస్తుంటే దూరం నుంచి చూశాం. దానికి లక్షల యంత్రం అక్కర్లేదు. సిలికా పూసిన గాజు పలక, మూత ఉన్న గాజు జాడీ, రెండు మూడు ద్రావకాలు చాలు. అయినా మా ప్రాక్టికల్ రికార్డుల్లో ప్రయోగాలన్నీ పూర్తయినట్టే ఉన్నాయి, ఎందుకంటే సీనియర్ల రికార్డు చూసి అంకెలతో సహా దించుకున్నాం. తప్పుడు పత్రాల్ని పట్టుకోవడం నేర్పే చదువులో మేం చేసిన పని అది. రాస్తున్నప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు చెబుతున్నా సిగ్గేస్తోంది. యాజమాన్యాలకు నేను చెప్పేది ఒకటే. ఈ కోర్సుకి ఫీజు తీసుకుంటున్నారంటే ఈ పని నేర్పుతామని మాటిచ్చినట్టే. మా నాన్న జీడితోట కౌలు డబ్బులు మూడేళ్ళూ మీ కౌంటర్లోనే కట్టాడు.

చేత్తో చేస్తే ఈ చదువు ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఒకే ఒక్క ఆదివారం. మా లెక్చరర్ ఒకరు సొంత పరిచయంతో, వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ని పిలిపించారు. ఆయన క్లాసులోకి వచ్చి టీ తాగి, ఆ ఖాళీ స్టీలు గ్లాసునే నా ముందు పెట్టి, ముద్ర తీయమన్నారు. నల్ల పొడి, మెత్తటి బ్రష్. నేను బల్ల తుడిచినట్టు రుద్దాను. ఉన్న ముద్ర కాస్తా చెరిగిపోయింది. "రుద్దకు తల్లీ, తాకించు. పొడి తనే పోయి పట్టుకుంటుంది" అన్నారు ఒడియాలో. రెండోసారి పొడి ఎక్కువై గీతల మధ్య సందులన్నీ పూడిపోయాయి. మూడోసారి బ్రష్‌ని వేళ్ళ మధ్య తిప్పుతూ గాలి తగిలినట్టు తాకిస్తే, గ్లాసు నడుము దగ్గర ఒక్కో గీతా పైకి లేచింది. టేపు అంటించి, ఎత్తి, తెల్ల కార్డు మీద పెట్టాను. నడిమధ్యలో చక్రం.

చిన్నప్పుడు మా మామ్మ నా వేళ్ళు పట్టుకుని శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టేది. మా పుస్తకంలో లూప్, వోర్ల్ అని ఉన్నవి ఆవిడ శంఖమూ చక్రమే. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. పది వేళ్ళ చక్రాల్ని బట్టి ముద్రల కార్డుల్ని 1024 గళ్ళుగా విడగొట్టి వెతుక్కునే పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళ శ్రమ ఉంది. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి వచ్చింది. ఆ ఇద్దరూ పోలీసు శాఖ ఉద్యోగులే. కార్డులు చేత్తో తిరగేస్తూ ఆ పని నేర్చుకున్నారు. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు 1980ల చివర్లో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ని ఈ దేశానికి తెచ్చింది కూడా ల్యాబ్ బల్ల దగ్గరే. ఆ ఆదివారం నాకు దొరికింది మూడు గంటలు. మూడేళ్ళ చదువులో నాకు బాగా గుర్తున్నది ఆ మూడు గంటలే. తర్వాత చాలా రోజులు మా ఇంట్లో గ్లాసుల గూడు దగ్గర ఆగి నిలబడేదాన్ని.

ఇంకొక విషయం కాస్త వివరంగా రాయాలి, దీని గురించి మాట్లాడేవాళ్ళు నాకు ఎక్కడా కనిపించలేదు కాబట్టి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడక ముందు మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిందీ, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిందీ ఈ పర్లాకిమిడిలోనే. మా తాతల నాటి కాగితాలు మా ట్రంకు పెట్టెలో తెలుగులో ఉన్నాయి. నాన్న కాలం నాటివి ఒడియాలో ఉన్నాయి. మా చుట్టుపక్కల ఇళ్ళలో ఎవర్ని కదిపినా అంతే. వీలునామా మీదో, అమ్మకం కాగితం మీదో తగాదా వస్తే, ఆ రాత ఎవరిదో తేల్చాల్సినవాళ్ళకి రెండు లిపులూ తెలియాలి. మా పత్రాల పరీక్ష పాఠంలో బొమ్మలన్నీ ఇంగ్లీషు అక్షరాలే. కలం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఎత్తారు, ఎక్కడ వణికింది అని చూడమంటారు. అవే సూత్రాలు తెలుగు రాతకీ వర్తిస్తాయి, కానీ చూడాల్సిన చోట్లు వేరు. ఒకాయన అక్షరం ఒళ్ళు రాసి, ఆ తర్వాత తలకట్టు పెడతాడు. ఇంకొకాయన కలం ఎత్తకుండా ఒకే ఊపులో రెండూ వేస్తాడు. గుడి ఎంత పైకి లేస్తుంది, వత్తు అక్షరానికి అంటుకుంటుందా, కొమ్ము చివర లోపలికి తిరుగుతుందా, ఇవన్నీ మనిషి మనిషికీ మారతాయి. దొంగ సంతకం చేసేవాడు ఆకారాన్ని బాగానే దించుతాడు. గుండ్రంగా తిరిగే చోట మాత్రం నెమ్మదిస్తాడు, అక్కడ సిరా ముద్దకడుతుంది. ఒడియా అక్షరం కూడా గుండ్రమే, పైన గొడుగులా వంపు ఉంటుంది, అయితే కలం నడిచే దారి వేరు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను ఇదే తీసుకుంటానంటే, చూసేవాళ్ళు లేరని వేరే టాపిక్ ఇచ్చారు. ఇంట్లో మా నాన్న తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన పాత ఉత్తరాలు ముందు పెట్టుకుని భూతద్దంతో నాకు నేనే చూసుకున్నాను. ఒక మనిషి రెండు లిపుల్లో రాసినా ఆ చేతి నొక్కుడు ఒకేలా ఉంది. దీని మీద ఎవరైనా నిజంగా పనిచేయాలని నాకు ఎంతో కోరిక.

ఘటనా స్థలంలోనూ భాషదే సగం పని. "ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు" అని మా మామ్మకి తెలుగులో, పెద్దరికం తగ్గకుండా చెప్పగలిగే మనిషి ఆ రాత్రి ఫోన్‌లో దొరికినా చాలు. "పెద్దమ్మగారూ, ఆ గ్లాసు అలాగే ఉంచండి, మీ అబ్బాయికి ఏమైందో అదే చెబుతుంది" అంటే ఆవిడ తోమేదే కాదు. తడిసిన బట్టని ప్లాస్టిక్ సంచిలో మూటగడితే బూజు పడుతుందని, నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలని సవర గూడెంలో వాళ్ళ మాటల్లో చెప్పేవాళ్ళు కావాలి. ఈ జిల్లాల పిల్లలకి ఈ భాషలన్నీ పుట్టుకతోనే వచ్చాయి. వాటికోసం మీరు ఖర్చేమీ పెట్టనక్కర్లేదు.

ఇక ఉద్యోగం మాట. ఎమ్మెస్సీ అయిన ఏడాది ఒక నోటిఫికేషన్ చూశాను. ఏ రాష్ట్రానిదో, ఏ శాఖదో రాయను. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పోస్టులు. అర్హత దగ్గర కెమిస్ట్రీ, ఫిజిక్స్, బాటనీ, జువాలజీ ఉన్నాయి. ఫోరెన్సిక్ సైన్స్ లేదు. దరఖాస్తులో సబ్జెక్టు ఎంచుకునే చోట పైనుంచి కిందికి మూడుసార్లు చూశాను. ఫోన్ చేస్తే, "మీది దానికి సమానమని ఎవరైనా రాసిస్తే చూస్తాం" అన్నారు. ఎవరు రాసివ్వాలో ఎవరూ చెప్పలేదు. మా బ్యాచ్‌లో చాలామంది ఇలాంటి అనుభవమే చెబుతారు. ఇప్పుడు నేను ఒక ప్రైవేటు సంస్థలో బీమా క్లెయిముల కాగితాలు పరిశీలిస్తున్నాను.

కెమిస్ట్రీ వాళ్ళని పక్కన పెట్టమని నేను అడగను. విషాన్ని యంత్రంలో పెట్టి విడగొట్టేచోట వాళ్ళకున్న లోతు మాకు లేదు. అది నిజం, ఒప్పుకుంటాను. ల్యాబ్ లోపల వాళ్ళుండాలి. కానీ కొత్త చట్టం అడుగుతున్నది ల్యాబ్‌లోకి ఆధారం చేరక ముందు జరిగే పని. ఇంటి గుమ్మంలో నిలబడి, ఏది ముందు ఫొటో తీయాలి, ఏది ముందు ఎత్తాలి, ఏది ఏ కవరులో పెట్టాలి, సీలు ఎక్కడ వేయాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో ఎలా రాయాలి అన్న పని. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ సిలబస్‌లో మొదటి సెమిస్టర్ నుంచీ చెప్పేది ఇదే. ఆ పోస్టులకైనా ఈ డిగ్రీ పేరు అర్హతల్లో స్పష్టంగా రాయండి. సరిహద్దు జిల్లాల పోస్టులకి ఒడియాతో పాటు తెలుగు గానీ స్థానిక గిరిజన భాష గానీ వచ్చినవాళ్ళకి కొంత ప్రాధాన్యం ఇవ్వండి.

దానికన్నా ముందు, ఖర్చు లేకుండా చేయగలిగింది ఇంకొకటుంది. ఈ కోర్సు చదివే ప్రతి విద్యార్థికీ చివరి ఏడాదిలో కనీసం రెండు నెలలు ప్రాంతీయ ల్యాబ్‌లోనో, జిల్లాలో తిరిగే ఫోరెన్సిక్ బృందంతోనో పని నేర్చుకునే అవకాశం ఇవ్వండి. నర్సింగ్ పిల్లలు వార్డుల్లో నేర్చుకుంటారు, బీఈడీ పిల్లలు బళ్ళలో పాఠాలు చెబుతారు. మేం మాత్రం ల్యాబ్ గేటు దగ్గర ఉత్తరం పట్టుకుని నిలబడతాం. నేను వెళ్ళిన చోట, కేసు వస్తువులు ఉంటాయి, బయటివాళ్ళని రానివ్వం అన్నారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. ఆధారం చెడితే కేసు చెడుతుంది. మమ్మల్ని కేసు వస్తువు ముట్టుకోనివ్వొద్దు. తీర్పు అయిపోయిన కేసుల నమూనాల మీద, డమ్మీ ఘటనా స్థలాల్లో నేర్పించండి. రహస్యం కాపాడతామని రాయించుకోండి. రాత్రి పిలుపు వస్తే బృందం వెనక వెళ్ళి, టేపు బయట నిలబడి చూడనివ్వండి. విస్రా సీసాలో ఉప్పు ద్రావణం పోయడం ఒక్కసారి చేత్తో చేసినవాళ్ళు దాన్ని జన్మలో మరచిపోరు.

మరో సంగతి. అదే 176(3)లో ఒక మినహాయింపు ఉంది. ఏదైనా నేరానికి కావలసిన ఫోరెన్సిక్ సౌకర్యం రాష్ట్రంలో లేకపోతే, అది ఏర్పడేదాకా వేరే రాష్ట్రంలోని సౌకర్యాన్ని వాడుకునేలా ప్రభుత్వం నోటిఫై చేయాలని. దీన్ని రాసినవాళ్ళ మనసులో ఏ రాష్ట్రాలున్నాయో గానీ, చదివినప్పుడు నాకు మా జిల్లాలే గుర్తొచ్చాయి. ఒంట్లో బాగాలేకపోతే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ జనం విశాఖ కేజీహెచ్‌కి వెళతారు. రైళ్ళు అటే ఉన్నాయి, చుట్టాలూ అటే ఉన్నారు. విశాఖపట్నంలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. మన దగ్గర లేని పరీక్షలకు, కనీసం మా పిల్లల శిక్షణకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో మాట్లాడి ఆ తలుపు తెరవవచ్చు కదా. మా చిన్నాన్న మందు సీసా సరిహద్దు దాటి వచ్చింది. నేరం చేసినవాడు కూడా అరగంటలో దాటేస్తాడు. ఆధారం మాత్రం ఇవతలే ఎందుకు ఆగిపోవాలి?

ఇక్కడ నా వాళ్ళకి రెండు మాటలు, అధికారులు ఏమీ అనుకోకండి. అమ్మా, నాన్నా, ఇది "శవాల చదువు" కాదు. పోస్టుమార్టం చేసేది ఎంబీబీఎస్ చదివిన డాక్టర్లు. మా పని ఎక్కువగా కాగితాలతో, సీసాలతో, గాజు పలకలతో, ఇప్పుడు ఫోన్లతో. ఆడపిల్లలకి పెళ్ళి కాదేమో అని భయపడుతున్నారని తెలుసు. మా ఇంట్లోనూ ఆ టెన్షన్ చూశాను. టీవీలో చూపించినట్టు ఒక్క రోజులో రిపోర్టు రాదు, డిగ్రీ అవగానే కోటు వేసుకుని జీపు దిగరు. బీఎస్సీ ఒక్కదానితో ఆగితే ఇప్పటికి దారి ఇరుకే, ఎమ్మెస్సీ దాకా చదివించే స్థోమత చూసుకుని చేర్చండి. చేర్చే ముందు కాలేజీకి వెళ్ళి, ల్యాబ్ తాళం తీయించి, మైక్రోస్కోపు మీద దుమ్ము ఉందో లేదో మీరే చూడండి. మార్కులు బాగా వచ్చే పిల్లలైతే గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష రాయించండి. 2020లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన సంస్థ అది. కానీ అందరూ అంత దూరం పంపలేరు. అందుకే ఇక్కడున్న కాలేజీలు బాగుపడాలని ఇంత గట్టిగా అడుగుతున్నాను.

అధికారులారా, మీలో ఎవరైనా మా ప్రాంతానికి వస్తే ఒక ఆదివారం మా ఇంటికి రండి. మూడో ఏడాది చదివే జూనియర్లు వారం వారం మా అరుగు మీదకి వస్తారు. నా జీతంలోంచి కొన్న బ్రష్‌లు నాలుగు ఉన్నాయి, నల్ల పొడి డబ్బా ఒకటి. వంతులవారీగా చేస్తారు. ముద్రలు తీయడానికి గ్లాసులు మా మామ్మే తెచ్చి పెడుతుంది. ఆవిడకి ఇప్పుడు చూపు ఆనదు. పిల్లలు పని ముగించి వెళ్ళేదాకా ఆ గ్లాసుల్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు, తోమనివ్వదు. వచ్చే ముందు కబురు చేయండి. బరంపురం నుంచైనా విశాఖ నుంచైనా ఒక పెద్దాయన్ని తీసుకొస్తే, పిల్లలకి ఆ రోజు అక్షరాల పరీక్ష కూడా మొదలుపెడదాం. తెలుగువీ ఒడియావీ పాత ఉత్తరాలు నేను సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
ఒక ఫోరెన్సిక్ సైన్స్ పట్టభద్రురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా